నల్లబిళ్ళ తినుటకు అర్హత పరీక్ష

ప్రభుత్వం వారు ఏం చేసినా మన మేలు కోరే చేస్తారని నమ్మే మనిషిని నేను. కరెంటు పోతే మన కళ్ళకు విశ్రాంతి ఇస్తున్నారనుకుంటాను. రోడ్డు తవ్వి వదిలేస్తే మనకు నడక అలవాటు చేస్తున్నారనుకుంటాను. అందుచేత మా నల్లబిళ్ళల మీద వారి దయ పడినప్పుడు నేనేమీ కంగారుపడలేదు. నన్ను కంగారుపెట్టడానికి పాపం వారు ఆ తర్వాత చాలా శ్రమపడాల్సి వచ్చింది.

నా పేరు మాణిక్యాంబ. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో, మూతపడిన సినిమాహాలు ఎదురుగా, మా అత్తగారు పెట్టిన బిళ్ళల బట్టీ నడుపుతున్నాను. మేం చేసేది ఒకటే సరుకు. అతిమధురం వేళ్ళు నానబెట్టి, కాచి, ఆ కషాయం చిక్కబడ్డాక బెల్లప్పాకంలో పోస్తాం. గోధుమపిండి, చిటికెడు ఉప్పు, కాస్త సోంపు నూనె వేసి, ముద్ద దగ్గరపడేదాకా కలిపి, నూనె రాసిన బల్ల మీద తాళ్ళలా లాగి ముక్కలు కోస్తాం. చూడ్డానికి తారు ముక్కలా ఉంటుంది. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకాల చిరుచేదు, ఆ తర్వాత గొంతు పొడుగునా హాయిగా దిగుతుంది. నాలుక మాత్రం నల్లబడుతుంది.

చేపల మార్కెట్లో వేలం పాడేవాళ్ళు, బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచేవాళ్ళు, బడిపంతుళ్ళు, గొంతుతో బతికేవాళ్ళంతా మా దగ్గరికే వస్తారు. బీపీ ఉన్నవాళ్ళకు మాత్రం రోజుకొకటి మించి ఇవ్వొద్దని మా అత్తగారు చెప్పేది. ఆ బట్టీ మీద నేనూ, పాకం కలిపే సత్తిపండూ, కాగితాలు చుట్టే ఆడవాళ్ళూ బతుకుతున్నాం.

ఇదిలా ఉండగా రాజధానిలో పదార్థ అవగాహన ప్రాధికార సంస్థ అని ఒకటి పుట్టింది. దానికి ప్రత్యేక కమిషనరు పురంధరరావు గారు. సంస్థ పుట్టగానే ఆయన అధ్యయన యాత్ర మీద ఏదో చలిదేశం వెళ్ళారు. అక్కడి పెద్దలు మర్యాదగా ఆయన చేతిలో ఒక నల్లబిళ్ళ పెట్టారట. బెల్లమ్ముక్కలాంటిదే కదా అని ఆయన గుటుక్కున నోట్లో వేసుకున్నారు. ఆ దేశంవాళ్ళు అతిమధురం బిళ్ళలో నవాసాగరం కలుపుతారు. మనం ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించేటప్పుడు వాడతామే, అదే నవాసాగరం. చుట్టూ కెమెరాలు. మింగలేరు, ఉమ్మలేరు. ఆ స్థితిలో తీసిన ఫొటో ఇప్పటికీ ఈయన ఆఫీసులో ‘అంతర్జాతీయ సహకారం’ అనే శీర్షిక కింద వేలాడుతోంది.

నోరు కడుక్కుని వచ్చాక ఇంకోటి, ఎర్రటిది ఇచ్చారు. అదీ అతిమధురం పేరుతో అమ్మే సరుకేనట, కానీ అందులో అతిమధురం బొత్తిగా ఉండదట. "మరి ఆ పేరెందుకు?" అని ఈయన అడిగితే, "వ్యాపారంలో అలా అంటామండి" అన్నారట వాళ్ళు. నవాసాగరం కంటే ఆ మాటే ఈయనకి ఎక్కువ చేదుగా తగిలింది. మనిషి తాను ఏం తింటున్నాడో తెలియకుండా బతికేస్తున్నాడే అని విమానంలోనే ఆవేదన చెంది, విమానంలోనే నిబంధన రాసేశారు.

నిబంధన ఇది: "తాను భుజించు పదార్థము యొక్క అంతర్భాగములను గూర్చి సంపూర్ణ అవగాహన లేని ఏ వ్యక్తికిని సదరు పదార్థమును విక్రయించుట, ఇచ్చుట, లేక చూపించి ఆశపెట్టుట నిషిద్ధము." దేశమంతా ఒకేసారి అవగాహన చెందితే తట్టుకోలేదు కనుక ముందు ఒక ఊరు, ఒక సరుకు తీసుకుని ప్రయోగం చేయాలనుకున్నారు. సరుకు అతిమధురం బిళ్ళ. అది చేసేది నేను. అలా మా ఊరికి అదృష్టం పట్టింది.

పురంధరరావు గారే స్వయంగా వచ్చారు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ మడతతో ఉన్నారు. వచ్చీరాగానే విషయం తేల్చి చెప్పారు.

"దసరా నాటికి ఈ పట్టణము అవగాహన చెందినట్లయితే మీకు శాశ్వత లైసెన్సు మంజూరగును. చెందనిచో బట్టీ మూసివేయబడును. అంతవరకు బయటి ఊళ్ళకు సరుకు పంపరాదు."

"ఊరు అవగాహన చెందకపోతే నా బట్టీ ఆర్పడం ఎంచేతండీ?"

"ప్రజలను శిక్షించలేము కదమ్మా. వారు చాలామంది ఉంటారు."

ఆ మాట న్యాయంగానే తోచింది. శాశ్వత లైసెన్సు చేతికొస్తే ఏ ఊరికైనా సరుకు పంపుకోవచ్చు. రాకపోతే మా అత్తగారు ముట్టించిన పొయ్యి నా చేతుల మీదుగా ఆరిపోతుంది. అదొక్కటే నా భయం. అందుకని ఆయనేం చెబితే దానికి తలూపుదామని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మొదట, బిళ్ళలో ఏమేం ఉన్నాయో బోర్డు రాయించమన్నారు. గోధుమపిండి అని రాయించబోతే ఆయన ముఖం చిట్లించారు.

"పిండి అనరాదు. బంధక పదార్థము."

"బెల్లం అండి?"

"తీపి కారకము. అదియే తేమ నిల్పు కారకము కూడ. రెండు చోట్ల రాయవలెను."

"సోంపు నూనె?"

"అనుబంధ రుచి కారకము. బల్లకు పూయు నూనె, ఉపరితల మెరుపు కారకము." అని చెప్పి, చెమటలు కక్కుతూ గరిటె తిప్పుతున్న సత్తిపండు వైపు తిరిగారు. "ఇది?"

"అది సత్తిపండండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, తనతో వచ్చిన గుమాస్తాకు "మిశ్రమ కారకము" అని చెప్పి రాయించుకున్నారు.

సత్తిపండు నా వైపు తిరిగి, "మంచిదేనాండీ అది?" అన్నాడు. మంచిదేరా అన్నాను. వాడు ఆ పూట చాలా హుషారుగా కలిపాడు.

బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోదు, కొనేవాడికి అమ్మేవాళ్ళు చదివి వినిపించి, అర్థమైందనిపించుకోవాలి. మొదటి బేరం గంగరాజు. చేపల మార్కెట్లో వేలం పాడతాడు. తెల్లారేసరికి ఆ గొంతు కాలవ అవతలికి వినిపిస్తుంది, పొద్దెక్కేసరికి బొంగురుపోతుంది, అప్పుడు మా దగ్గరికొస్తాడు. అతణ్ణి నిలబెట్టి బోర్డంతా చదివాను. వెనక జనం క్యూ కట్టారు. ఒకాయన చంకలో చేపల సంచితో నిలబడి, చేపలు పాడవుతాయేమోనని గుటకలు మింగుతున్నాడు.

"అర్థమైందా గంగరాజూ?"

"ఆయ్, అర్థమైందండి."

బిళ్ళ ఇవ్వబోతుంటే తలుపు చాటునుంచి పురంధరరావు గారు బయటికొచ్చారు. "ఏమి అర్థమైంది?"

"తవరు సెప్పిందంతా అర్థమైందండి."

"ఏమి చెప్పాము?"

"అదేనండి... అర్థం చేసుకోమన్నారండి."

"ఏమి అర్థం చేసుకొమ్మన్నాము?"

గంగరాజు పైకీ కిందికీ చూశాడు. "మరేనండి, అంతా అర్థమైపోయిందండి బాబూ" అని దణ్ణం పెట్టాడు.

పురంధరరావు గారు మండిపడ్డారు. ఆయన కొత్తగా కనిపెట్టారు గానీ అందులో వింతేముంది? అర్థమైందా అని అడిగితే అర్థమైందనాలి, అలా అంటే కూర్చోమంటారు. మన బళ్ళలో పిల్లలు అక్షరాలకంటే ముందు నేర్చుకునే పాఠమే అది. గంగరాజుకు ఒంటబట్టిన చదువు అదొక్కటే. పాపం దాన్ని భద్రంగా దాచుకున్నాడు.

తర్వాత నోటి పరీక్ష పెట్టమన్నారు. ప్రతి కొనుగోలుదారునీ నేను ప్రశ్నలడగాలి, సరిగ్గా చెబితేనే అమ్మాలి. పెట్టాను. ఊరంతా పాసైంది. గంగరాజు "పిండి, బెల్లం, ఏర్లు" అన్నాడు, నేను సరే అన్నాను. దాంతో కమిషనరు గారికి మళ్ళీ అనుమానం వచ్చింది. "విక్రేతయే పరీక్షకురాలగుట ప్రయోజన వైరుధ్యము" అని మెమో ఇచ్చి, రాతపరీక్ష ప్రకటించారు. హాల్‌టిక్కెట్లు, సీల్డు కవర్లు, ఇన్విజిలేటర్లు. పాసైనవాళ్ళకు ఫొటోతో అవగాహన కార్డు. అది చూపిస్తేనే బిళ్ళ.

రాతపరీక్ష అన్న మాట ఊళ్ళో పడిందో లేదో, అవతారం మాస్టారు లేచారు. ఆయన మా వీధి చివర మేడ మీద కోచింగ్ సెంటర్ నడుపుతారు. కానిస్టేబులు పరీక్షకూ, బ్యాంకు పరీక్షకూ ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి. ఆ రాత్రికి రాత్రే రోడ్డుకు అడ్డంగా బ్యానరు కట్టించారు. ‘నల్లబిళ్ళ: ఫౌండేషన్ బ్యాచ్, ర్యాంకర్స్ బ్యాచ్, లాంగ్‌టర్మ్ బ్యాచ్. ఆడపిల్లలకు ప్రత్యేక హాస్టలు వసతి కలదు.’

నేను ఆయన్ని ఆపి అడిగాను. "మాస్టారూ, బిళ్ళ తినడానికి లాంగ్‌టర్మేంటండీ?"

"అలా తీసిపారేయకమ్మా. కాంపిటీషన్ పెరిగిపోయింది. ఒక్క మార్కులో ఎంతమంది జీవితాలు పోతున్నాయో నీకు తెలియదు."

"పరీక్ష ఇంకా పెట్టనే లేదు కదండీ?"

"అందుకేగా ముందు చేరమంటున్నాం!" అని ఆయన చాలా దిగులుగా అన్నారు.

ఆయన పాఠం చెప్పే పద్ధతిని మెచ్చుకోవాలి. బంధక, తీపి, తేమ, రుచి, మెరుపు కారకాలు వరసగా గుర్తుండటానికి ‘బంతీతేరుమె’ అని ఒక మాట కట్టారు. వారం తిరిగేసరికి ఊరంతా బంతీతేరుమె. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బంతీతేరుమె, రిక్షా స్టాండులో బంతీతేరుమె. పసిపిల్లలకు అన్నం పెడుతూ తల్లులు బంతీతేరుమె అనిపించి ముద్ద పెట్టారు. అతిమధురం వేరులో తీపినిచ్చే పదార్థం పేరు గ్లైసిరైజిన్ అట. మేం ఇన్నాళ్ళూ దాన్ని పేరైనా తెలియకుండా కాచి పారేశాం. మాస్టారు అచ్చువేయించిన గైడులో దాని ఫార్ములా ఒక పేజీ, అతిమధురం పండే దేశాలు ఒక పేజీ, చలిదేశంలో కమిషనరు గారి పర్యటన విశేషాలు ఒక అధ్యాయం. బీపీ ఉన్నవాళ్ళు ఎక్కువ తినకూడదన్న ముక్క మాత్రం గైడులో ఎక్కడా లేదు. అడిగితే, అది గతంలో ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదన్నారు మాస్టారు. పెట్టబోయే మొదటి పరీక్షకు గత ప్రశ్నపత్రాలెక్కడివని నేను అడగలేదు. అడిగితే చూపించేలా ఉన్నారు.

పరీక్ష జరిగింది. ఫలితాలొచ్చాయి. పేపర్లో నిండుపేజీ ప్రకటనలు, ర్యాంకర్ల ఫొటోలు. మొదటి ర్యాంకు నవ్యశ్రీ అనే డిగ్రీ పిల్లది. దండలు వేసి ఓపెన్‌టాప్ జీపులో ఊరేగించారు. జీపు మా బట్టీ ముందునుంచే వెళ్ళింది. మేమూ బయటికొచ్చి చప్పట్లు కొట్టాం.

గంగరాజు తప్పాడు. సప్లిమెంటరీ రాశాడు, మళ్ళీ తప్పాడు. ఆఖరికి పొద్దున చేపలు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అవతారం మాస్టారి దగ్గర బ్యాక్‌లాగ్ బ్యాచ్. బిళ్ళ లేక గొంతు పూర్తిగా పూడుకుపోయింది. మార్కెట్లో చేతి సైగలతో వేలం పాడుతున్నాడు. ముక్కు గోక్కుంటే పాట తన పేరున కొట్టేశాడనుకుని ఒకాయన బుట్టెడు కట్టిపరిగె చేపలు మోసుకుపోయాడట. ఒకరోజు కొట్టుకొచ్చి, పెగలని గొంతుతో బతిమాలాడు.

"అమ్మగారూ, ఒక్కటియ్యండి. గోడవతలకెల్లి తింటాను. ఎవరికీ సెప్పను."

ఆ బిళ్ళల డబ్బా నా చేతి కిందే ఉంది. ఇచ్చుట కూడా నేరమే. ఎదురుగా రోడ్డు మీద కమిషనరు గారి మనుషులున్నారు. లైసెన్సు కళ్ళముందు మెదిలింది.

"దసరా దాకా ఓర్చుకో గంగరాజూ. లైసెన్సు రానీ, నీకు డబ్బా ఇస్తాను" అన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. గొంతు పోయినవాణ్ణి గొంతుబిళ్ళల కొట్లోంచి వట్టి చేతులతో పంపిన ఘనత మా వంశంలో నాకే దక్కింది.

కార్డున్నవాళ్ళు కొని, లేనివాళ్ళకు పెడుతున్నారేమోనని కమిషనరు గారికి ఇంకో బెంగ పట్టుకుంది. దానికి ‘అనధికార నోటి బదిలీ’ అని పేరు పెట్టారు. బిళ్ళ తింటే నాలుక నల్లబడుతుందని ఎవరో చెప్పారు. ఇంకేం, నాలుక తనిఖీ స్క్వాడు దిగింది. నాలుగురోడ్ల కూడలిలో జీపు ఆపి, వచ్చేపోయే వాళ్ళందరినీ నాలుక చాపమనేవారు. పిల్లకాయలకు పండగైంది. జీపు కనిపిస్తే చాలు, పరుగెత్తుకెళ్ళి అధికార్ల మొహం మీదే నాలుకలు చాపి, శభాష్ అనిపించుకుని వచ్చేవారు.

అది నేరేడుపళ్ళ కాలం. మొదటిరోజే ఊళ్ళో సగంమందిని పట్టుకున్నారు. వాళ్ళలో మా మునిసిపల్ వైస్ చైర్మన్ గారూ, సంబంధం చూసుకోడానికి కాకినాడ వెళుతున్న ఒక పెళ్ళికొడుకూ ఉన్నారు.

"నేను తిన్నది నేరేడుపళ్ళండీ మహాప్రభో!" అని పెళ్ళికొడుకు మొత్తుకున్నాడు.

"ఆధారము?"

"గింజలు పారేశానండి."

"సాక్ష్యమును ధ్వంసము చేసితిరి" అని రాసుకున్నారు. మర్నాటినుంచి ఊళ్ళోవాళ్ళంతా తిన్న గింజలు జేబులో వేసుకుని తిరగసాగారు. స్క్వాడు అధికారి కూడా తక్కువవాడేం కాదు. గింజలు చూసి, లెక్కపెట్టి, తిరిగిచ్చేసి, "మంచిది. ఇప్పుడు నేరేడుపండు యొక్క అంతర్భాగములు చెప్పుడు" అనేవాడు.

ఇలా వానలు వెళ్ళాయి, దసరా దగ్గరపడింది. ఊరు దాదాపు మొత్తం పాసైంది. గంగరాజులాంటి మొండికేసులు కొన్నే మిగిలాయి. నేను సంతోషంతో బట్టీ రాజేయించి, బిళ్ళలు గంపలకెత్తించి, కొట్టు ముందు కూర్చున్నాను. ఒక్కరు రాలేదు. మర్నాడూ రాలేదు. అవతారం మాస్టారు దారినపోతుంటే పిలిచాను.

"మాస్టారూ, కార్డులొచ్చినవాళ్ళు ఒక్కరూ బిళ్ళ కొనడానికి రావట్లేదేంటండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "పాసయ్యాక ఇంకా నల్లబిళ్ళేంటమ్మా? కార్డు ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకున్నారు. పిల్లలిప్పుడు జీళ్ళకి ప్రిపేరవుతున్నారు. నోటిఫికేషన్ ఇవాళో రేపో పడుతుందంటున్నారు."

సత్తిపండుకు ఈ మాట చెబితే గరిటె కింద పెట్టేశాడు. "పోన్లెండి, లైసెన్సొస్తే పక్కూళ్ళున్నాయిగా. ఆళ్ళకింకా సదువు రాలేదు" అన్నాడు. నేనూ ఆ ఆశతోనే ఉన్నాను.

దసరా ముందురోజు మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసు ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. ప్రయోగం గడువు ఆ సాయంత్రంతో సరి. రాజధానినుంచి సంస్థ ఛైర్మన్ గారు వచ్చారు. పెద్దాయన, మర్యాదస్తుడు, ఎవరు ఏం చెప్పినా అలాగా అంటూ వింటారు. నన్ను కూడా వేదిక మీద ఒక మూల కూర్చోబెట్టారు. శాశ్వత లైసెన్సు ఉత్తర్వు పురంధరరావు గారి చేతిలో ఉందని గుమాస్తా చెవిలో చెప్పాడు. అంతవరకు గుండె పట్టుకుని కూర్చున్నదాన్ని కాస్త నిమ్మళించాను.

ముందు నవ్యశ్రీని పిలిచి, అవగాహన ప్రదర్శించమన్నారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. బంధక పదార్థం, తీపి కారకం, తేమ నిల్పు కారకం, గ్లైసిరైజిన్ ఫార్ములా, చలిదేశం, నవాసాగరం, ఎర్రబిళ్ళలో అతిమధురం లేకపోవడం, చలిదేశానికి వెళ్ళిన కమిషనరు గారి విమానం నంబరు. సభ దద్దరిల్లింది. నేనైతే ముక్కున వేలేసుకున్నాను. నేను చేసే బిళ్ళలో ఇంత గొడవుందని నాకే తెలియదు.

ఛైర్మన్ గారు ముచ్చటపడి, "భేషమ్మా! మరి రుచి ఎలా ఉంటుంది?" అని అడిగారు.

నవ్యశ్రీ అవతారం మాస్టారి వైపు చూసింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"సిలబస్‌లో లేదండి" అంది ఆ పిల్ల.

"అంటే, నువ్వెప్పుడూ తినలేదా తల్లీ?"

"లేదండి. టైం వేస్టని మాస్టారు వద్దన్నారండి."

ఛైర్మన్ గారు అలాగా అన్నారు. జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

తర్వాత పురంధరరావు గారు మైకు ముందుకొచ్చారు. అవగాహన యొక్క ఆవశ్యకత, అవగాహన యొక్క అంగములు, అవగాహనకు ముందు మానవుడు, తరువాత మానవుడు. షామియానా కింద ఉక్క, ఎదురుగా రోడ్డు తవ్విన దుమ్ము. ఆయన గొంతు ముందు జీరబోయింది, ఆ తర్వాత కీచుమంది. చివరికి ఉత్తర్వు చేతిలోకి తీసుకుని "ఇందుమూలముగా..." అనగానే మొత్తం పోయింది. పెదాలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. మంచినీళ్ళిచ్చారు. సోడా ఇచ్చారు. ఏం లాభం లేదు.

"ఎవరైనా చదివేయండి పోనీ" అన్నారు ఛైర్మన్ గారు గడియారం చూసుకుంటూ.

గుమాస్తా వంగి నివేదించాడు. "వీలు లేదండి. ఉత్తర్వు సాక్షాత్తు కమిషనరు గారి నోట బహిరంగముగా చదువబడినచో మాత్రమే అమలులోనికి వచ్చును. నేటి సాయంత్రము దాటినచో గడువు ముగిసి బట్టీ మూసివేయబడును."

నా పైప్రాణాలు పైనే పోయాయి. లైసెన్సు ఆయన చేతిలో ఉంది, ఆయన నోటినుంచి బయటికి రావాలి, ఆ నోరు పెగలడం లేదు. నా కొంగున కట్టిన పొట్లంలో బిళ్ళలున్నాయి.

ఆయన దగ్గరికెళ్ళి, మెల్లిగా, "మీ అవగాహన కార్డు ఉందాండీ?" అని అడిగాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. గుమాస్తా ఆయన తరఫున చెప్పాడు. ప్రశ్నపత్రం తయారుచేసినవారు పరీక్ష రాయడానికి అనర్హులట. అంటే ఊళ్ళో ఎవరికైనా ఎప్పటికైనా బిళ్ళ తినే యోగం పట్టొచ్చుగానీ, ఆయనకు మాత్రం జన్మలో పట్టదు.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు పట్టుకుని నా వైపు చూసిన చూపు అచ్చంగా గంగరాజు చూపే. ఆ రోజు గంగరాజును వెనక్కి పంపాను. ఇవాళ నావల్ల కాలేదు. నిజం చెప్పొద్దూ, జాలి సగం, నా పొయ్యి మీద ఆశ సగం. పొట్లం విప్పి, ఒక బిళ్ళ ఆయన చేతిలో పెట్టాను. స్క్వాడు వాళ్ళంతా ఒక్కసారిగా షామియానా గుడ్డ నాణ్యతను పరిశీలించసాగారు.

పురంధరరావు గారు బిళ్ళను ఎదురుగా ఎత్తి చూసుకున్నారు. పాపం, చలిదేశం గుర్తొచ్చి ఉంటుంది. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నారు. ముందు నుదురు ముడిపడింది. కాసేపటికి ముడి విడింది. బిళ్ళ ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గలోకి జరిగింది. మొహం మీదికి చిన్నపిల్లాడి నవ్వొకటి వచ్చింది.

"అమ్మా, ఇది... బావుందండీ" అన్నారు. నేను ఆయన నోట విన్న మొట్టమొదటి తెలుగు మాట అదే.

"చప్పరించండి బాబూ, నమలకండి" అన్నాను. నాకూ ఏడుపొచ్చేలా ఉంది.

గొంతు సవరించుకుని మైకు ముందుకెళ్ళారు. "ఇందుమూలముగా, శ్రీమతి మాణిక్యాంబ గారికి అతిమధుర బిళ్ళల తయారీ మరియు విక్రయము నిమిత్తము శాశ్వత లైసెన్సు మంజూరు..." అని ఠక్కున ఆగిపోయారు. నోట్లో బిళ్ళ ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మారింది. ఆయన చేతిలోని కాగితం మెల్లగా కిందికి దిగింది.

"అమ్మా," అన్నారు నా వైపు తిరిగి, "వ్యక్తిగతముగా మీరు చేసిన ఉపకారమును నేను మరువను. అధికారికముగా చూచినచో, అవగాహన కార్డు లేని వ్యక్తికి మీరు బహిరంగ సభలో, ఛైర్మన్ గారి సమక్షములో, పదార్థమును ఇచ్చితిరి."

"మీకే కదండీ ఇచ్చింది!"

"నాకే. నేను అవగాహన లేని వినియోగదారుణ్ణి, కనుక బాధితుణ్ణి. బాధితుడు తెలిసినవాడని ఉపేక్షించినచో ఇక నిబంధన దేనికి?"

ఛైర్మన్ గారు అలాగా అన్నారు.

పురంధరరావు గారు మళ్ళీ జనం వైపు తిరిగి నిటారుగా నిలబడ్డారు. నా లైసెన్సు రద్దు చేశారు. బట్టీ రేపటినుంచి మూసేయమన్నారు. పరీక్ష మాత్రం యథావిధిగా కొనసాగుతుందనీ, జనవరినుంచి రాష్ట్రమంతా పెడతామనీ ప్రకటించారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మైకు ఆగింది. ఆయన లక్ష్యపెట్టలేదు. మొదటినుంచి ఆఖరిదాకా ఉత్తర్వంతా మైకు లేకుండానే మళ్ళీ చెప్పారు.

ఏం గొంతండీ అది! ఖంగున మోగింది. జీర లేదు, దగ్గు లేదు, ఒక్క అక్షరం తడబడలేదు. ఎక్కడో ఆఖర్న, గేటు బయట నిలబడ్డ సత్తిపండుకు కూడా వాడి పని పోయిందని స్పష్టంగా వినిపించిందట. వేదిక మెట్ల దగ్గర గంగరాజు కళ్ళు తుడుచుకుంటూ, ఆ పూడుకుపోయిన గొంతుతోనే పక్కవాడికి చెబుతున్నాడు.

"సూశావా, మాణిక్యాంబగారి బిళ్ళ ఎలా పన్జేత్తాదో!"

నాకు దుఃఖం ఆగలేదు. అంత దుఃఖంలోనూ, మా అత్తగారు ఉండి ఈ గొంతు వింటే ఎంత పొంగిపోయేదో కదా అనుకున్నాను.